రూపాయికి ఎన్ని గ్రాముల పిజ్జా

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను ధరలు రాశాను. మొదట కూరగాయల ధరలు, ఆ తర్వాత కోడిగుడ్లు, చికెన్, బంగారం. రిటైరయ్యే ముందు కొన్నేళ్లు పిజ్జాలు. ఒక తెలుగు దినపత్రిక సిటీ పేజీలో ఏడాదికి రెండు సార్లు అమీర్‌పేట, పంజాగుట్ట పిజ్జా షాపులను పోల్చి పట్టిక వేసేవాణ్ణి. ఎక్కడ ధర ఎంత, రూపాయికి ఎంత బరువు వస్తుంది, పోయినసారికీ ఇప్పటికీ ఏం మారింది అన్నది అందులో ఉండేది.

ఇప్పుడు ఈ పనిలోకి పిల్లలు చాలామంది వస్తున్నారు. చేతిలో ఫోను ఉంటే చాలు, షాపు ముందు నిలబడి ఒక ముక్క కొరికి తీర్పు చెప్పేస్తున్నారు. వాళ్లలో ఎవరైనా వచ్చి అడిగితే చెబుదామని చాన్నాళ్లు చూశాను. ఎవరూ అడగలేదు. అడక్కపోయినా రాస్తున్నాను. నాకు వచ్చిన ప్రమోషన్ల గురించి ఇందులో ఏమీ ఉండదు. ఈ పని వల్ల ఎవరికైనా మంచి జరిగిందా అని ఆలోచిస్తే ఒక్కటీ గుర్తు రావడం లేదు. చెడు జరిగిన సంగతి మాత్రం పొద్దున లేవగానే గుర్తొస్తుంది.

పని ఎలా చేసేవాణ్ణి

అన్ని షాపుల్లోనూ ఒకటే పిజ్జా చెప్పాలి. నేను ఉల్లిపాయ, క్యాప్సికం వేసిన మీడియం సైజు చెప్పేవాణ్ణి. పనీరు, చికెన్ లాంటివి వేస్తే వాటి రుచి కింద మిగతా తప్పులన్నీ దాక్కుంటాయి. వెళ్లే వేళ కూడా ఒకటే ఉండాలి. అమీర్‌పేటలో కోచింగ్ క్లాసులు వదిలే సాయంత్రం నాలుగింటికి వెళ్లేవాణ్ణి. అప్పుడు రద్దీ ఉంటుంది, ఎవరికీ మర్యాదలు చేసే తీరిక ఉండదు.

ఒక ముక్క వేడిగా తినాలి. రెండోది ఇరవై నిమిషాలు ఆగి తినాలి. వేడిగా ఉన్నప్పుడు ప్రతి పిజ్జా మంచిదే. పాలతో చేసిన చీజ్ చల్లారితే గట్టిపడుతుంది కానీ పంటికి తెగుతుంది. నూనెతో చేసిన నకిలీ చీజ్ ఒకటి ఉంది, వ్యాపారంలో దాన్ని అనలాగ్ అంటారు. అది చల్లారితే కొవ్వొత్తి మైనంలా అంగిలికి అంటుకుంటుంది. పైన మొక్కజొన్న గింజలు ఎక్కువయ్యాయంటే కింద చీజ్ తగ్గిందని అర్థం. మెనూ కార్డు మీద ధర దగ్గర స్టిక్కరు అంటించి ఉంటే గోరుతో మెల్లగా ఎత్తి చూడాలి. నేను ఒక షాపులో ఒకే వరస మీద నాలుగు స్టిక్కర్లు లెక్కపెట్టాను.

నేనెవరో చెప్పకూడదన్నది అన్నిటికంటే పెద్ద నియమం. పత్రిక పేరు చెబితే ముక్క పెద్దదవుతుంది, చీజ్ రెట్టింపవుతుంది. అందుకే నేనెక్కడా చెప్పలేదు. ఆ నియమం మీద నాకు చాలా గర్వం ఉండేది.

సుభద్ర గారి షాపు

పట్టికలో ఎనిమిది షాపులు ఉండేవి. ఎనిమిదింటి గురించీ చెప్పను. ఒక పెద్ద కంపెనీ షాపు, అందులో ఎప్పుడు తిన్నా ఒకటే రుచి, అంటే ఏ రుచీ లేదు. బంజారా హిల్స్ ఎక్కే రోడ్డు మీద ఒకటి, కట్టెల పొయ్యి, ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల వెనక సందుల్లో ఐదు, అన్నీ చవక. ఇక పంజాగుట్టలో మెయిన్ రోడ్డు వదిలి లోపలికి వెళితే సుభద్ర గారి షాపు.

సుభద్ర గారిది తెనాలి వైపు. భర్త పోయాక, వచ్చిన డబ్బుతో నాలుగు బల్లలు వేసి షాపు పెట్టారు. పొయ్యి దగ్గర మల్లేశం ఉండేవాడు. ఆయనది మెదక్ దగ్గర ఊరు. పదిహేనేళ్లు ఇరానీ బేకరీలో రొట్టెలు కాల్చి వచ్చినవాడు. పిండి ఈ రోజు కలిపితే రేపటికి గానీ వాడేవాళ్లు కాదు. రాత్రంతా ఫ్రిజ్‌లో ఊరాలి. మల్లేశం బొటనవేలితో పిండిని ఒక్కసారి నొక్కి, ఆ గుంట పైకి లేచే తీరు చూసి, అవుతుందో కాదో చెప్పేవాడు. అడుగు అప్పడంలా పలచగా ఉండేది, అంచు మాత్రం పొంగి అక్కడక్కడా మాడేది. చీజ్ దిమ్మలుగా తెప్పించి అక్కడే తురిమేవాళ్లు.

నేను తిన్న పిజ్జాల్లో అది అన్నిటికంటే మంచిది. ఈ మాట ఇప్పుడు రాస్తున్నాను. రాయాల్సినప్పుడు రాయలేదు.

నేను చేతిసంచీతో ఒక్కణ్ణే వెళ్లి కూర్చోవడం చూసి, ఏ కోచింగ్ సెంటర్లోనో పాఠం చెబుతాననుకుని ఆవిడ నన్ను మాస్టారూ అని పిలిచేవారు. నేను కాదనలేదు. మన నియమానికి అదీ ఒక ముసుగే కదా అనుకున్నాను. మొదట్లో ఏడాదికి రెండుసార్లే వెళ్లేవాణ్ణి. తర్వాత పని లేకపోయినా నెలకోసారి వెళ్లేవాణ్ణి. పట్టిక కోసం వెళ్లిన రోజు మాత్రం మీడియం మొత్తం చెప్పి, రెండో ముక్క ముందు పెట్టుకుని గడియారం చూస్తూ కూర్చునేవాణ్ణి.

బాస్ అడిగిన అంకె

మొదటిసారి నేను పట్టిక వేయలేదు, వ్యాసం రాశాను. ఏ షాపులో పిండి ఎలా ఉంది, చీజ్ ఏమిటి, ఎవరు ధర పెంచి సరుకు తగ్గించారు అని వివరంగా రాశాను. సిటీ పేజీ చూసే రామ్మోహన్ గారు అది చదివి పక్కన పెట్టారు.

"బాగుంది శంకర్ గారూ. కానీ ఇంత ఎవరు చదువుతారండీ? హాస్టల్లో ఉండే కుర్రాడికి కావాల్సింది ఒక్కటే. ఎక్కడికెళ్తే డబ్బుకి న్యాయం జరుగుతుంది? ఒక్క అంకె ఇవ్వండి. ఫస్ట్ ఎవరు, లాస్ట్ ఎవరు. అంతే."

ఆయన చెడ్డవాడు కాదు. పేజీలో జాగా తక్కువ, ఆయన మీద ఒత్తిడి ఎక్కువ. అంకె కనిపెట్టింది మాత్రం ఆయన కాదు, నేనే. అన్నేళ్లు రైతుబజారులో టమాటా, వంకాయ ధరలు రాసినవాణ్ణి. నాకు ఏది చూసినా కిలో ఎంత అనే ఆలోచనే వస్తుంది. పిజ్జాను తూకం వేసి, ధరతో భాగించి, రూపాయికి ఎన్ని గ్రాములు వస్తుందో లెక్క కడదామన్నాను. రామ్మోహన్ గారు కుర్చీలోంచి లేచి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఆ సాయంత్రం నేను ఇంటికి చాలా సంతోషంగా వెళ్లాను. మా పేపర్లో అంతవరకూ ఎవరికీ తట్టని ఆలోచన అది.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఒకటి చెబుతాను. కూరగాయల ధరలు రాసేవాడు పిజ్జాల గురించి రాయకూడదు. టమాటా బరువు పెంచడం రైతు చేతిలో లేదు. పిజ్జా బరువు పెంచడం షాపువాడికి చిటికెలో పని, మైదా పిండి ఇంకాస్త వేస్తే చాలు. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు.

మొదటి పట్టికలో అమీర్‌పేట సందులో ఒక షాపుకు మొదటి స్థానం వచ్చింది. అడుగు రెండు వేళ్ల మందం, చపాతీ మీద చపాతీ పెట్టినట్టు ఉంటుంది. సుభద్ర గారి పలచటి పిజ్జా ఆఖరున, ఎనిమిదో స్థానంలో పడింది. నాకు కొంచెం బాధ కలిగింది. కానీ లెక్క లెక్కే కదా అనుకున్నాను. ఇష్టమైనవాళ్లకు మార్కులు కలపకపోవడం నిజాయితీ అనుకున్నాను.

పట్టిక చేసిన పని

పట్టిక బాగా నడిచింది. కుర్రాళ్లు ఫోటో తీసి హాస్టల్ గ్రూపుల్లో పెట్టుకున్నారు. మొదటి స్థానం వచ్చిన షాపువాడు కాగితాన్ని లామినేషన్ చేయించి గల్లాపెట్టె వెనక అంటించాడు. ఆరు నెలల తర్వాత మళ్లీ వెళితే ఏడు షాపుల్లో పిజ్జా బరువు పెరిగింది. ధర మాత్రం అంతే ఉంది. మా పత్రిక చొరవతో వినియోగదారుడికి మేలు అని రాశాను. శీర్షిక కూడా నేనే పెట్టాను.

ఇంకో ఆరు నెలలకు అనుమానం వచ్చింది. ఆ ఏడు షాపుల నుంచీ ఒక్కో ముక్క ఇంటికి తెచ్చుకుని, కత్తితో పైపొర ఒలిచి విడిగా తూచాను. పెరిగిందంతా పిండే. చీజ్ సగానికి పడిపోయింది, ఆ సగంలోనూ పాల చీజ్ ఎంతో దేవుడికే తెలియాలి. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయమైనట్టుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ మందు వేసింది నేనే.

రామ్మోహన్ గారి దగ్గరికి వెళ్లి, ఈ పట్టిక ఆపేద్దాం, షాపులు మన కొలతకు తగ్గట్టు పిజ్జా చేస్తున్నాయి అని చెప్పాను.

"ఆపేసి ఏం వేద్దామండీ? నకిలీ చీజ్ అని రాస్తే రేపు లాయర్ నోటీసు పంపుతారు. మీ దగ్గర ల్యాబ్ రిపోర్టు ఉందా?"

"నాలుక ఉంది."

"నాలుక కోర్టులో చెల్లదు శంకర్ గారూ."

నేను ఇంకొంచెం గట్టిగా పట్టుబట్టి ఉంటే ఆయన ఒప్పుకునేవారేమో. లేదా ఇంకొకరికి ఇచ్చేవారు. అదే నా భయం. ఆ పట్టిక కింద నా పేరు ఉండేది. నా కెరీర్‌లో నా పేరుతో జనం గుర్తుపట్టింది అదొక్కటే. బంగారం ధర కింద ఎవరి పేరూ ఉండదు. ఆ పేరు కోసం నోరు మూసుకున్నాను. ఇందులో దాచడానికేం లేదు.

ఆవిడ అడిగిన ప్రశ్న

ఎనిమిదో స్థానంలో ఉంటూనే సుభద్ర గారు చాలాకాలం నెట్టుకొచ్చారు. కరోనా వచ్చి హాస్టళ్లు ఖాళీ అయినప్పుడు కూడా మూయలేదు. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకు మల్లేశమే బండి మీద వెళ్లి ఇచ్చి వచ్చేవాడు. అప్పుడు కూడా చీజ్ మార్చలేదు.

హాస్టళ్లు మళ్లీ నిండాక అన్నిటి ధరా పెరిగింది. నూనె, గ్యాస్, చీజ్, అద్దె. ఫోన్లో ఆర్డరు తీసుకునే కంపెనీలు వాటి వాటా అవి పట్టుకుంటున్నాయి. ఆవిడా ధర పెంచారు. పెంచక తప్పదు. దాంతో నా లెక్కలో ఆవిడ అంకె ఇంకా పడిపోయింది. ఒకరోజు నేను కూర్చుని ఉండగానే ఇద్దరు అమ్మాయిలు ఫోన్లో మా పట్టిక చూపించి బేరమాడారు. "ఆంటీ, అమీర్‌పేటలో ఇదే డబ్బుకి డబుల్ వస్తది." వాళ్లు కొనకుండానే వెళ్లిపోయారు.

కాసేపటికి ఆవిడ వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. అంతకుముందు ఎప్పుడూ అలా కూర్చోలేదు.

"మాస్టారూ, మిమ్మల్ని ఒకటి అడగొచ్చా? ఇన్నేళ్లుగా తింటున్నారు కాబట్టి అడుగుతున్నాను. మేం కూడా అడుగు మందం చేసేద్దామా? చీజ్‌లో కూడా సగం ఆ నూనె చీజే కలిపేస్తే ధర తగ్గించొచ్చు. ఆ పేపర్లో పైకి వస్తాం కదా. మీరేమంటారు?"

పొయ్యి దగ్గర్నుంచి మల్లేశం అందుకున్నాడు. "అమ్మా, గట్ల చేస్తే మనకూ వాళ్లకూ ఫరక్ ఏముంటది? జర ఓపిక పట్టుండ్రి. తినేటోళ్లకు నాలుక లేదా?"

"నాలుక ఉన్నవాళ్లు నెలకు ఎంతమంది వస్తున్నారు మల్లేశం? అద్దె ఆగుతుందా?"

ఇద్దరూ నా వైపు చూశారు. వద్దండీ, ఆ పట్టిక తప్పు, దాన్ని వేసేది నేనే అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెబితే నియమం పోతుంది, ఇన్నేళ్లు మాస్టారుగా నటించానని తెలిసిపోతుంది, ఆవిడ ముఖం ఎలా చూడాలి అనిపించింది.

"మీ ఇష్టం అండీ. వ్యాపారం సంగతి నాకేం తెలుసు" అన్నాను.

ఆవిడ తల ఊపి లేచి వెళ్లిపోయారు. నేను రెండో ముక్క తినకుండానే వచ్చేశాను.

మొదటి స్థానం

తర్వాతి పట్టిక కోసం వెళ్లినప్పుడు పొయ్యి దగ్గర వేరే మనిషి ఉన్నాడు. అడుగు మందంగా ఉంది. పిండి ఊరలేదు, నమిలితే పచ్చివాసన. పైన మొక్కజొన్న గింజలు. ఇరవై నిమిషాలయ్యాక రెండో ముక్క కొరికితే అంగిలికి మైనం అంటుకుంది. ధర తగ్గింది. మిగిలిన ముక్కలు ఇంటికి తెచ్చి తూచి, మొత్తానికి లెక్క కట్టి భాగిస్తే ఎనిమిది షాపుల్లోకీ అదే ముందుంది.

అప్పుడైనా ఆపొచ్చు. ఆపలేదు. లెక్క ప్రకారం మొదటి స్థానం రాశాను, కింద నా పేరు రాశాను. ఇన్నేళ్లూ ఆఖరున వేసినందుకు ఇది పరిహారం అని కూడా నాకు నేను చెప్పుకున్నాను. మనిషి తనకు తాను చెప్పుకునే అబద్ధాలకు హద్దు లేదు.

ఆ తర్వాత ఒకరోజు అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద మల్లేశం కనిపించాడు. ఒక పెళ్లి క్యాటరింగ్‌లో రుమాలీ రోటీలు చేస్తున్నానన్నాడు.

"ఎందుకు మానేసినవ్ మల్లేశన్నా?"

"నా చేతులు ఒప్పుకోలే సార్. అమ్మ మంచిదే. ఏడ్సుకుంట చెప్పింది, గట్లనే చెయ్యమని. నేను సుత ఏడ్సిన. ఇగ వచ్చేసిన."

మొదటి స్థానం ఆరు నెలలు కూడా నిలవలేదు. అమీర్‌పేట షాపులు ఇంకో పది రూపాయలు తగ్గించాయి. మందం పిజ్జా తినేవాళ్లు అక్కడికే వెళ్లారు, పలచటిది తినేవాళ్లు అంతకుముందే పోయారు. సుభద్ర గారి షాపు మూతపడింది. కరోనాకు మూతపడనిది నా పట్టికకు మూతపడింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు, రామ్మోహన్ గారికీ, షాపులవాళ్లకూ, బేరమాడిన అమ్మాయిలకూ తలా కొంచెం పంచి చూశాను. ఎంత పంచినా నా వాటా తగ్గలేదు.

ఇప్పుడు మా ప్రాంతంలో నాకు తెలిసి మంచి పిజ్జా లేదు. ఉందంటే నమ్మను. కుర్రాళ్లకు అసలు చీజ్ పెడితే ఇదేంటి పాలవాసన అంటున్నారు. పట్టిక ఇంకా వస్తూనే ఉంది. నా తర్వాత వచ్చినవాడు అదే అంకె వేస్తున్నాడు.

రిటైరయ్యాక

సుభద్ర గారు అమీర్‌పేటలో కర్రీ పాయింట్ పెట్టారని ఎవరో చెబితే, చాలా రోజులు తటపటాయించి వెళ్లాను. సాయంత్రం ఆరున్నర. హాస్టల్ పిల్లలు వరసలో నిలబడి కూరల పొట్లాలు కొనుక్కుంటున్నారు. ఆవిడ గరిటెతో పప్పు కవర్లో పోసి రబ్బరు బ్యాండు వేస్తున్నారు. చిక్కిపోయారు. నేనూ వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది.

"సుభద్ర గారూ, మీకు ఒక మాట చెప్పాలి. నేను మాస్టార్ని కాదు. ఆ పేపర్లో పట్టిక..."

"తెలుసండీ" అన్నారు, కవరు విప్పుతూనే. "మొదటి ఏడాదే తెలుసు. ఒక్కరే వచ్చి మీడియం మొత్తం చెప్పి, గడియారం పెట్టుకుని తినేవాళ్లు ఎవరుంటారు? మీరు అలా వచ్చిన ప్రతిసారీ తర్వాతి ఆదివారం పట్టిక వచ్చేది. మల్లేశానికీ తెలుసు."

తెలిసి కూడా నా ముక్కలో చీజ్ ఒక్క పిసరు ఎక్కువ వేయలేదు వాళ్లు.

"మరి మాస్టారూ అని..."

"మీకు అలాగే బాగున్నట్టు నాకనిపించింది. అందుకే అలా పిలిచాను." పప్పు పోశారు, కవరు మూతి మెలిపెట్టారు. "అడుగు మందం చేసేద్దామా అని ఆ రోజు నేను అడిగింది మాస్టార్ని కాదండీ. పేపరాయన్నే అడిగాను. వద్దంటారేమో అని చూశాను."

పొట్లం నా చేతిలో పెట్టారు. నేను డబ్బులు ఇవ్వబోతూ అక్కడే నిలబడిపోయాను.

"కాస్త జరగండి" అన్నారు ఆవిడ. "వెనక పిల్లలు నిలబడ్డారు."